సీసా మీద రాయని పేర్లు

మానుకోట స్టేషన్‌లో దిగినప్పుడు తుంపరగా ఉన్న వాన, హర్షవర్ధన్ నెహ్రూ సెంటర్ దాటేలోపు కుండపోత అయింది. తాను తడిస్తే అడిగేవాళ్లు లేరు గానీ, శాంపిల్స్ బ్యాగు తడిస్తే మేనేజర్ ఊరుకోడు. బ్యాగును పసిపిల్లలా గుండెకు హత్తుకుని, ఎదురుగా కనిపించిన మెట్లెక్కేశాడు. పైన బోర్డు మీద ‘వసంత బ్యూటీ పార్లర్’ అని ఉంది.

జనగామ, మానుకోట, భూపాలపల్లి. ఈ మూడు ఊళ్లూ అతని లైను. వీటిలో ఇదొక్కటి తప్ప అతను ఎక్కని పార్లర్ మెట్లు లేవు. అన్నీ ఒకే తీరు. మూసిన తలుపులు, మందపాటి కర్టెన్లు, గడప దగ్గరే ముక్కును పట్టుకునే తియ్యటి వాసన. ఇక్కడ మాత్రం కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. జల్లు నేరుగా లోపలికి కొడుతోంది. ఒక అమ్మాయి చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నేల తుడుస్తోంది. తుడిచినంత మేర మళ్లీ తడుస్తోంది.

“కిటికీలు మూసుకోవచ్చు గదా మేడం” అన్నాడు హర్ష.

“నీళ్లయితే తుడిస్తె పోతయి” అందామె తల ఎత్తకుండానే. “వాసన పోవాలంటే కిటికీ తెరిచే ఉండాలె.”

సరిగ్గా అప్పుడే హర్ష చేయకూడని పని చేశాడు. వాసన అన్న మాట వినగానే, అలవాటు కొద్దీ బ్యాగులోంచి కొత్త బాడీ స్ప్రే తీసి గాలిలోకి ‘స్స్’ అని కొట్టాడు.

ఆమె తల ఎత్తింది. పెద్ద కళ్లు. ఆ కళ్లు చూసి హర్ష ఒక్క క్షణం తాను ఏం అమ్మడానికి వచ్చాడో మర్చిపోయాడు. ఆమె మాత్రం ఏమీ మర్చిపోలేదు. తడిగుడ్డ పట్టుకున్న చేత్తోనే గుమ్మం చూపించింది. హర్ష వెనక్కి నడిచి మెట్ల మీద నిలబడ్డాడు. సగం వీపు వానలో, సగం మనిషి వ్యాపారంలో.

“దీంట్ల ఏమున్నది?” సీసాను ముట్టుకోకుండానే అడిగింది.

“మల్లెపూల పరిమళం మేడం.”

“మల్లెలని ఏడ రాసి లేదు. పర్ఫ్యూమ్ అని ఉన్నది. గా ఒక్క మాట కింద ఎన్ని రకాలున్నయి?”

“అది కంపెనీ సీక్రెట్.”

“మా ఇంటికి చుట్టమొచ్చి కూరల ఏమేసినవ్ అని అడిగితే, సీక్రెట్ అంటె తింటడా?”

ఆమె లోపలికి వెళ్లి కిందటి నెల డీలర్ దగ్గర తీసుకున్న అదే కంపెనీ డబ్బాలన్నీ తెచ్చి అతని ముందు పేర్చింది. జుట్టు సాపు చేసే క్రీము, గోళ్ల రంగులు, హెయిర్ స్ప్రే. మూత తీయనివన్నీ వాపసు తీసుకోమంది. అమ్మడానికి వచ్చినవాడు కొనుక్కున్నవాడిలా అట్టపెట్టెలు మోసుకుంటూ వానలో దిగిపోయాడు.

హర్షకు ఆ కోపం చల్లారకముందే మిగతా పార్లర్ల వాళ్లూ అడగడం మొదలుపెట్టారు. ఒకామె ఫౌండేషన్ ట్యూబును కళ్లకు ఆనించుకుని, పారాబెన్ అంటే ఏంది తమ్ముడూ అంది. ఇంకొకామె నీ సబ్బులో ట్రైక్లోసాన్ ఉందా అని నిలదీసింది. ఎవరు నేర్పారని అడిగితే అందరూ ఒకే పేరు చెప్పారు, వసంత అని. మానుకోటలో ఆర్డర్లు పడిపోయాయి.

ఆ తర్వాతి సారి హర్ష తగువు పెట్టుకునే ఉద్దేశంతోనే మెట్లెక్కాడు. వసంత మాస్కు, గ్లౌజులు వేసుకుని ఒక టీచరమ్మ తలకు రంగు వేస్తోంది. గడప దాటే ధైర్యం చాలక బయటి నుంచే మాట్లాడాడు.

“మీరు నా మార్కెట్ ఖరాబ్ చేస్తున్నరు.”

“కొనొద్దని నేనెవ్వరికి చెప్పలే. అడిగి కొనమన్న. నాకు తెల్వదు కాబట్టి అడుగుతున్న. మీకు తెలిసి కూడ చెప్తలేరు.”

“నాకు తెలుసని ఎవరన్నరు?”

“మీ బ్యాగు మీద కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్, కాకతీయ యూనివర్సిటీ అని రాసున్నది గద.”

హర్ష బ్యాగు వంక చూసుకున్నాడు. ఎప్పుడో సెమినార్‌లో ఇచ్చిన బ్యాగు. టీచరమ్మ అద్దంలోంచి అతన్ని చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. తగువు అక్కడే చచ్చిపోయింది.

ఆ సాయంత్రం కాజీపేట వైపు వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాడు. ఎమ్మెస్సీ అయ్యాక అంత శ్రద్ధగా అతను ఏదీ చదవలేదు. జనగామలో దిగాల్సినవాడు దిగడం మరిచి ఆలేరు దాకా పోయి, వెనక్కి బస్సులో వచ్చాడు. మర్నాడు కంపెనీ ల్యాబ్‌కి ఫోన్ చేసి, ఆ ‘పర్ఫ్యూమ్’లో థాలేట్లు ఉన్నాయా అని అడిగాడు. ల్యాబ్ వాళ్లు మేనేజర్‌ని అడగమన్నారు. మేనేజర్ అమ్మకాల సంగతి చూసుకోమన్నాడు.

తర్వాతి వారం అతనే వెళ్లి వసంతకు చెప్పాడు. ఒంట్లో హార్మోన్లు కబుర్లు మోసే మనుషుల్లాంటివని, క్రీముల్లో, స్ప్రేల్లో వాడే కొన్ని రసాయనాలు ఆ మనుషుల వేషం వేసుకుని తప్పుడు కబుర్లు చేరవేస్తాయని వివరించాడు. వాసన ఎక్కువసేపు నిలవడానికి కలిపే థాలేట్ల లాంటివి కొన్ని, బూజు, క్రిములు పట్టకుండా కలిపే పారాబెన్లు, ట్రైక్లోసాన్ లాంటివి కొన్ని. ఆడవాళ్ల నెలసరికి, గర్భానికి, మగవాళ్ల వీర్యకణాలకు వీటితో సంబంధం ఉన్నట్టు చాలా పరిశోధనలు చెబుతున్నాయి. అలాగని ఫలానా క్రీము వల్లే ఫలానా మనిషికి ఇలా అయిందని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒక మంచి మాట కూడా ఉంది. వీటిలో చాలావరకు ఒంట్లో పేరుకుపోయి ఉండవు. వాడకం మానేస్తే కొద్ది రోజుల్లోనే తగ్గిపోతాయి.

వసంత చేతిలో దువ్వెన అలాగే పట్టుకుని చివరిదాకా విన్నది. ఆ చివరి మాట మళ్లీ చెప్పమంది. ఎందుకు అడిగిందో హర్షకు అప్పుడు తెలియదు. మళ్లీ చెప్పాడు.

అప్పటినుంచి హర్ష లైను కాస్త వంకర తిరిగింది. భూపాలపల్లి వెళ్లాల్సిన రోజున కూడా బస్సు మానుకోట మీదుగానే పోతున్నట్టు ప్రవర్తించేవాడు. ఇద్దరూ కలిసి ఒక్కో సీసా తిప్పి తిప్పి చదివేవారు. చిన్న అక్షరాలు ఆమె చదివేది, పెద్ద మాటలు అతను విప్పేవాడు. ఏది ఉంచాలి, ఏది మానాలి, ఏదైతే గ్లౌజులతో తెరిచిన కిటికీ పక్కన వాడొచ్చు అని వాదించుకునేవారు. ఆమె అతన్ని ‘కెమిస్ట్రీ సార్’ అని పిలిచేది. సార్ పోయి పేరు వచ్చింది, మీరు పోయి నువ్వు వచ్చింది. వాసన లేదని అలిగి వెళ్లిపోయిన గిరాకీలు కొందరు, తలనొప్పి రావట్లేదని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కొందరు. పార్లర్ మునగలేదు, తేలిపోనూ లేదు. నడిచింది.

ఒకరోజు వసంత తండ్రి యాకయ్య సంచి నిండా వంకాయలు తెచ్చి, గడప మీద కూర్చున్న హర్షను ఎగాదిగా చూశాడు. డోర్నకల్ దగ్గరి ఊళ్లో మిర్చి తోట ఆయనది.

“నువ్వు అమ్మేటోనివా, అమ్మొద్దని చెప్పేటోనివా?” అని అడిగాడు.

ఏది చెప్పినా ఉద్యోగమో పిల్లో పోతుందనిపించి హర్ష వంకాయలు బాగున్నాయన్నాడు.

వసంత రోజూ సాయంత్రం డోర్నకల్ వైపు ప్యాసింజర్ ఎక్కి ఇంటికి పోతుంది. దసరా వెళ్లిన వారంలో ఒకరోజు ఆమె సీటు వెతుక్కుని కూర్చునేసరికి, ఎదురు సీట్లో హర్ష ఉన్నాడు.

“జనగామ అటుపక్క” అంది వసంత.

“తెలుసు. డోర్నకల్ దాక టికెట్ తీసుకున్న.”

“డోర్నకల్ల నీకేం పని?”

“డోర్నకల్ల ఏం పని లేదు. పని రైల్లనే ఉన్నది.”

ఆమె కిటికీ వైపు తిరిగింది గానీ, చెవులు అతని వైపే ఉన్నాయని చెంప మీది ఎరుపు చెప్పింది. హర్ష ఇంట్లో అద్దం ముందు సాధన చేసిన నాలుగు వాక్యాల్లో మూడు మరిచిపోయి, మిగిలిన ఒక్కటీ చెప్పేశాడు. మిర్చి తోటలు వెనక్కి పోతున్నాయి.

వసంత నెమ్మదిగా చెప్పింది. డిగ్రీ రోజుల నుంచీ ఆమెకు నెలసరి సరిగా లేదు. ఒక్కోసారి మూడు నెలలు రాదు. హన్మకొండలో డాక్టరమ్మ స్కానింగ్ తీసి, అండాశయాల్లో నీటితిత్తులున్నాయని, హార్మోన్ల తేడా అని చెప్పింది. ఏం పని చేస్తావని అడిగింది. మూసిన గదిలో ఏళ్ల తరబడి క్రీములు, స్ప్రేలు పీలుస్తున్నానంటే, జబ్బు దానివల్లే వచ్చిందని చెప్పలేనని, వంశం నుంచి రావచ్చు, నిద్ర, తిండి, ఎన్నో కారణాలుండొచ్చని అంది. అయినా తప్పించుకోగలిగిన దాన్ని తప్పించుకొమ్మంది. ఆ రోజే వసంత కిటికీలు తెరిచింది. పిల్లలు పుట్టొచ్చు, మందులతో పుట్టొచ్చు, ఆలస్యం కావచ్చు. కొత్తగూడ వైపు నుంచి ఒక సంబంధం వస్తే, మాటాముచ్చట అవుతుండగా ఈ సంగతి తనే చెప్పింది. వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

“పిల్లలైతే మంచిదే” అన్నాడు హర్ష. “కాకపోతె ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకుంట కూసుందం. నీ మొఖం నాకు బోర్ కొట్టది.”

“మరి నీ మొఖం సంగతి?”

“అది నువ్వే ఆలోచించుకోవాలె.”

ఆమె నవ్వింది. వెంటనే నవ్వు ఆపేసింది. “మీ ఇంట్ల అంతా చెప్పినంక రా, హర్షా. దాచిపెట్టి మాత్రం రాకు. దాచి చేసుకునే పెండ్లి నాకొద్దు.”

జనగామలో హర్ష తండ్రి రాంచందర్‌కు కాస్త పేరుంది. ఒకప్పుడు ఊరి సర్పంచ్, ఇప్పటికీ పంచాయితీలు ఆయన అరుగు మీదే తెగుతాయి. హర్ష చెప్పిందంతా విని, కులం గురించి ఒక ముక్క, మిర్చి రైతుతో వియ్యం గురించి ఒక ముక్క అని ఊరుకున్నాడు. తల్లి విమల మాత్రం ఒక్క విషయం దగ్గరే ఆగిపోయింది. ఒక్కగానొక్క కొడుకు, ఆ పిల్లకు కడుపు పండకపోతే ఎట్లా అని. పిల్లలు పుట్టరని డాక్టరమ్మ అనలేదని హర్ష ఎంత చెప్పినా ఆమె తల అడ్డంగానే ఊగింది.

“ఆమెనే అడుగుతున్నరు. నన్నెవరన్న పరీక్ష చేసిండ్రా?” అన్నాడు హర్ష విసుగ్గా.

వాదన కోసం అన్న మాట. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అతన్నే ఆ మాట పట్టుకుంది. నిజమే కదా, ఎవరు చూశారు? తాను కూడా పరీక్ష చేయించుకుని, ఇదిగో నేను బాగానే ఉన్నాను, అయినా నాకు ఆమే కావాలి అని అమ్మ ముందు పెడితే బాగుంటుందనిపించింది. ఆ ఊహలో తాను కొంచెం ఎత్తుగా కూడా కనిపించాడు.

హన్మకొండలో వసంత చెప్పిన డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాడు. చిన్న డబ్బా చేతికిచ్చి గది చూపించిన నర్సు మొహం చూడలేక గోడ మీది క్యాలెండర్ చూశాడు. ఏ నెలో కూడా చదవలేకపోయాడు. సాయంత్రం రిపోర్టు తీసుకుని డాక్టరమ్మ ముందు కూర్చున్నప్పుడు కూడా, బయటికెళ్లి వసంతకు ఎలా చెప్పి నవ్వించాలా అనే ఆలోచిస్తున్నాడు.

వీర్యకణాల సంఖ్య తక్కువగా ఉందని, కదలిక కూడా అంత బాగా లేదని డాక్టరమ్మ చెప్పింది.

సిగరెట్లా అని అడిగింది. లేదన్నాడు. ఉద్యోగం ఏమిటంది. చెప్పాడు. రోజుకు ఎన్నిసార్లు స్ప్రేలు కొట్టి చూపిస్తారంటే అతను లెక్క చెప్పలేకపోయాడు. మణికట్టుకు, మెడకు, చొక్కాకు, గాలిలోకి. రోజూ, ఐదేళ్లుగా. అదే కారణమని రాసివ్వలేనని, బస్సు ప్రయాణాలు, నిద్రలేమి, పెరిగిన పొట్ట కూడా ఉన్నాయని ఆమె అంది. ఒక్క పరీక్షతో భయపడొద్దంది. కొత్త కణాలు తయారవడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది, ఈలోపు వాసన సామాన్లు మానెయ్, ఒళ్లు తగ్గించు, మళ్లీ రా అంది.

హర్షకు మొదటి మాట తప్ప ఏదీ వినపడలేదు.

మానుకోట వెళ్లడం మానేశాడు. వసంత ఫోన్ చేస్తే మోగనిచ్చాడు. రైల్లో అంత ధీమాగా ఆడిన మాటలు గుర్తొచ్చి చెవులు కాలేవి. ఆమెకు ధైర్యం చెప్పినవాడు ఇప్పుడు ఏ మొహంతో వెళ్లాలి? వేరే ఎవరినైనా చేసుకుంటే ఆమెకు పిల్లలు పుట్టే అవకాశం ఎక్కువేమో. ఈ ఆలోచనకు త్యాగం అని పేరు పెట్టుకున్నాడు. నిజానికి అది సిగ్గు.

కంపెనీ ఉద్యోగానికి మాత్రం రాజీనామా ఇచ్చేశాడు. చెల్పూర్ థర్మల్ కేంద్రంలో నీళ్ల పరీక్షల ల్యాబ్‌కు కెమిస్ట్ కావాలంటే అంతకుముందే దరఖాస్తు చేశాడు. ఇంటర్వ్యూ తేదీ కూడా అప్పటికే వచ్చి ఉంది. అది ముగించుకుని గేటు బయటికి వచ్చేసరికి, ఎదురుగా టీ హోటల్ బెంచీ మీద వసంత కూర్చుని ఉంది. మానుకోట నుంచి హన్మకొండ, హన్మకొండ నుంచి పరకాల మీదుగా చెల్పూర్. రెండు బస్సులు మారి వచ్చింది. ఇంటర్వ్యూ ఏ రోజో ఆమెకు ముందే తెలుసు, మాటలు బంద్ కాకముందు అతనే చెప్పాడు.

“కూసో” అంది. అతను కూర్చున్నాడు.

“మీ ఇంట్ల వద్దన్నరా?”

“ఇంక తెగలే.”

“నీకే వద్దనిపించిందా?”

“లే.”

“మరేంది? వద్దంటె వద్దని చెప్పు. నేను ఇంతకుముందు విన్నదాన్నే, మళ్ల వింట. ఫోన్ ఎత్తకుంట ఉండుడు మాత్రం నాకు నచ్చలే.”

హర్ష గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. రోడ్డు మీద బొగ్గు లారీలు పోతుంటే ఒక్కో వాక్యం ఆపి, లారీ పోయాక అందుకోవలసి వచ్చింది. సిగ్గుపడే మాట చెప్పడానికి అంతకన్నా చెడ్డ చోటు లేదు. పూర్తయ్యేసరికి టీ మీద మీగడ కట్టింది.

వసంత, డాక్టరమ్మ ఏం చెప్పిందో మొత్తం అడిగింది. ఒక్కో ముక్కా గుర్తు చేసుకుని చెబుతుంటే, ఆ రోజు వినపడని మాటలన్నీ హర్షకు ఇప్పుడు వినపడ్డాయి. మూడు నెలలు. మళ్లీ రా. భయపడొద్దు.

“నేను రైల్ల నా సంగతి చెప్పిన్నాడు, నువ్వు దిగి ఉరికినవా?” అని అడిగింది.

“లే.”

“మరి నేను ఉరుకుత అని ఎట్లనుకున్నవ్?”

హర్ష కళ్లలో నీళ్లున్నాయి. తల తిప్పుకుని హోటల్ వాడి మిరపకాయ బజ్జీ ఘాటు మీదికి నెట్టాడు. అతను బజ్జీ తినలేదని ఆమెకు తెలుసు. అతని చేతిలోంచి చల్లారిన టీ తీసి పక్కన పెట్టి, ఆ చేతిని అలాగే పట్టుకుంది.

“ఇద్దరం దవాఖానకు పోదం. బస్సు ఖర్చు ఒక్కటే అయితది” అంది. అతనికి నవ్వు వచ్చింది.

ఆ ఆదివారం జనగామలో అన్నాల దగ్గర హర్ష తన రిపోర్టు సంగతి తల్లిదండ్రులకు చెప్పాడు. ఒక్క మాట కూడా మింగలేదు. రాంచందర్ చెయ్యి కడుక్కుని, అన్నం సగంలోనే వదిలి పొలం వైపు వెళ్లిపోయాడు. విమల పళ్లెం ముందే కూర్చుండిపోయింది. కొడుకు వంక చూడలేదు, ఏడవలేదు. ఎన్నడో జరిగిందేదో చూస్తున్నట్టు గోడ వైపు చూసింది.

రెండ్రోజుల తర్వాత హన్మకొండలో చీరలు చూసొస్తానని చెప్పి రైలెక్కింది. హన్మకొండ పోవాలంటే కాజీపేటలో దిగాలి. ఆమె దిగలేదు.

ఆ తర్వాత జరిగింది హర్షకు వసంత ఫోన్‌లో చెప్పింది. ఒక పెద్దామె మెట్లెక్కి వచ్చి, తలకు నూనె పెట్టి దువ్వమని కుర్చీలో కూర్చుంది. అచ్చం హర్ష ముక్కులాంటి ముక్కు చూడగానే వసంత పోల్చుకుంది. కొబ్బరినూనె గోరువెచ్చ చేసి తెచ్చి, ఏమీ తెలియనట్టే తల మర్దన చేయసాగింది. చాలాసేపటికి పెద్దామె అద్దంలోంచే అడిగింది.

“మావోనికి గిట్లున్నదని తెలిసి కూడ చేసుకుంటవా బిడ్డా?”

“నా సంగతి తెలిసి కూడ ఆయన నన్నే కావాలన్నడు అత్తమ్మా” అంది వసంత.

విమల కళ్లు మూసుకుంది. మూసుకునే చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లయిన ఏడేళ్లకు గానీ హర్ష పుట్టలేదట. ఆ ఏడేళ్లూ అత్తగారింట్లో ఆమెకు గొడ్రాలని పేరు. శ్రీమంతాలకు పిలవలేదు. పసిపిల్లల్ని ఎత్తుకోనివ్వలేదు. తిరగని దవాఖాన లేదు, మింగని మందు లేదు.

“ఒక్క డాక్టర్ మీ మామను గూడ తీసుకరమ్మన్నడు. ఇంటికొచ్చి చెప్తె మా అత్త నన్ను కొట్టింది. గిప్పుడు నేను ఏం జేసిన? గదే పని నీకు జెయ్యబోయిన.”

వసంత నూనె చేతులతోనే ఆమె భుజాలు పట్టుకుంది. జాకెట్టుకు మరకలయ్యాయి. ఇద్దరూ పట్టించుకోలేదు. వెళ్లేటప్పుడు విమల డబ్బులివ్వబోతే వసంత తీసుకోలేదు. అయితే మా ఇంటికొచ్చినప్పుడు నీ తల నేను దువ్వుతా అని చెప్పి మెట్లు దిగింది.

ఇంటికి వచ్చాక విమల భర్తతో ఏం మాట్లాడిందో హర్షకు పూర్తిగా తెలియదు. తలుపు వేసి ఉంది. గొంతులు లేవలేదు. ఒక గంట తర్వాత రాంచందర్ బయటికొచ్చి, మంచినీళ్లడిగి తాగి, వాకిట్లో చాలాసేపు ఒక్కడే తిరిగాడు. మర్నాడు తెల్లారగానే కొడుకుతో కూడా చెప్పకుండా డోర్నకల్ రైలెక్కి, దారి అడుగుతూ యాకయ్య మిర్చి తోటకు చేరాడు. ఇద్దరు రైతులు పొద్దెక్కేదాకా తామర పురుగు గురించి, ఆకుముడత గురించి, ఈసారి ధర గురించి మాట్లాడుకున్నారు. పెళ్లి మాట చివర్లో, గట్టు మీద నిలబడి, రెండు ముక్కల్లో తేల్చేశారు.

చెల్పూర్ ఉద్యోగం వచ్చింది. హర్ష ఇప్పుడు పొద్దున్నే నడుస్తున్నాడు. రాత్రి వేళకు పడుకుంటున్నాడు. ఏ వాసనా లేని సబ్బుతో స్నానం చేసి, నా ఒంటికి నా వాసనే వస్తోందని వసంతతో మొత్తుకుంటున్నాడు. మూడు నెలలు దాటాక ఇద్దరూ కలిసే దవాఖానకు వెళ్లారు. హర్ష రిపోర్టు మొదటిదానికంటే మెరుగ్గా వచ్చింది. వసంతకు మందులతో, నడకతో నెలసరి దారిలో పడుతోంది. డాక్టరమ్మ ఇద్దరినీ మరీ సంబరపడొద్దంది, అసలే భయపడొద్దంది. రేపటి సంగతి ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, ఆశ పెట్టుకోవడానికి కారణం ఉందంది. వాళ్లిద్దరికీ ఆ రోజుకు అంత చాలు. బయటికొచ్చి చెరుకురసం తాగారు.

లగ్గం పెట్టుకునే రోజు యాకయ్య వాకిట్లో టెంట్ వేశారు. జనగామ నుంచి చుట్టాలు జీపుల్లో దిగారు. తాంబూలాలు మార్చుకుంటుండగా రాంచందర్‌కు వరసకు అన్న అయ్యే సోమనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. మెల్లగా అడిగినట్టే అడిగాడు గానీ టెంటంతా వినపడింది.

“పిల్లకేదో దవాఖాన తిరుగుడు ఉన్నదట గదా తమ్మీ. మంచిగ అర్సుకున్నవా?”

యాకయ్య చేతిలో పళ్లెం అలాగే నిలిచిపోయింది. వసంత తల దించుకోలేదు గానీ మొహం పాలిపోయింది. హర్ష లేవబోయాడు. తండ్రి చెయ్యి అతని మోకాలి మీద పడి కూర్చోబెట్టింది.

“పిల్లకే కాదన్నా, మావోనికి గూడ ఉన్నది” అన్నాడు రాంచందర్, పంచాయితీలో తీర్పు చెప్పే గొంతుతో. “ఇద్దరు మందులు వాడుతున్నరు. డాక్టర్ మంచిది. నంబర్ కావాల్నా?”

ఆడవాళ్లలోంచి విమల లేచి వచ్చి, వసంత పక్కన కూర్చుని, ఆమె జడలో పూలు సరిచేసింది. యాకయ్య పళ్లెం ముందుకు జరిపాడు. తాంబూలాలు చేతులు మారాయి.

భోజనాలయ్యాక హర్ష టెంటు వెనక నీళ్ల డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంటుంటే, సోమనర్సయ్య అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడవాల్సిందేమీ లేకపోయినా మళ్లీ తుడుచుకున్నాడు.

“మా రాజేశ్ గాని పెండ్లయి చాన్నాళ్లాయె గదరా” అన్నాడు, వినీ వినపడకుండా. “కోడల్ని తిప్పని దవాఖాన లేదు. గా నంబర్ జర నాకియ్యి.”

హర్ష ఫోన్ తీసి నంబరు చెప్పాడు. పెద్దాయన ఒక్కో అంకె చూసుకుంటూ నొక్కుతున్నాడు. మజ్జిగ గ్లాసులతో అటు వచ్చిన వసంత ఆగిపోయి విన్నది. ఒక గ్లాసు ఆయన చేతికిచ్చింది.

“ఇద్దర్ని తీసుకపోండ్రి పెదనాయినా” అంది.

సోమనర్సయ్య ఆమె వైపు చూశాడు. టెంటులో తాను అన్న మాట గుర్తొచ్చిందేమో, ఆ చూపు ఎక్కువసేపు నిలవలేదు. మజ్జిగ తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు.

“ఇద్దర్ని తీసుకపోత బిడ్డా” అన్నాడు.